ఇనుమును తిన్న నీళ్లు

"ఇంకా ఏం చూస్తారు మిస్టర్ పరంధామయ్యా? యాసిడ్ ఇనుమును తినేస్తుంది. స్కూలు పిల్లలకు కూడా తెలిసిన సంగతి."

ఆ మాట అని సౌందరరాజన్ జేబురుమాలుతో ముక్కు మూసుకున్నాడు. మద్రాసు నుంచి ఇన్సూరెన్సు కంపెనీ పంపిన పరిశోధకుడతను. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. లోపలికొచ్చిన దగ్గర్నుంచి ఆ బూట్లకు ఏమంటుకుంటుందోనన్నదే అతని దిగులు.

పరంధామయ్య చూపు గచ్చు మీదే ఉంది. తిరుపతిలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టినప్పటి నుంచి ఎన్నో శవాల పక్కన నిలబడ్డాడు. అప్పుడెప్పుడూ లేని భయం ఈ పంపుహౌస్‌లో పట్టుకుంది. ఇక్కడ శవం లేదు. శవం పడి ఉన్న చోటు మాత్రం ఉంది. సిమెంటు గచ్చు మీద మనిషి ఆకారంలో తెల్లగా పొంగిన మచ్చ. దాని కొసన కరిగి గచ్చుకు అతుక్కుపోయిన రబ్బరు చెప్పు. ఎవరూ దాన్ని పీకే సాహసం చెయ్యలేదు.

రేణిగుంట రోడ్డు మీదున్న ఆ ఫ్యాక్టరీలో పటిక తయారవుతుంది. పటికకు కావలసిన గంధకామ్లం ఆవరణలోని పెద్ద ఇనుప ట్యాంకులో ఉంటుంది. దాన్ని లోపలికి తోడే పంపు ఇది. పటిక చేసే రాయి సరుకు రాక ఫ్యాక్టరీ పది రోజులు మూతపడింది. మళ్లీ తెరిచిన రోజున ఇంజనీరు చెంగల్రాయుడు పంపు స్విచ్ వేసి, ఎప్పటిలాగే ఒంగి, చప్పుడు సరిగ్గా ఉందో లేదోనని చెవి దగ్గర పెట్టి విన్నాడు. పంపు పొట్ట పగిలి, లోపలున్నదంతా అతని మొహాన కొట్టింది. కేకలు గేటు దాకా వినబడ్డాయని కాపలా గురప్ప చెప్పాడు. అవి ఎప్పుడు ఆగాయని అడిగితే మాత్రం తల పక్కకు తిప్పుకున్నాడు.

"స్టెయిన్‌లెస్ స్టీల్ పంపు కొందామని నేను తల బాదుకున్నా సార్," అన్నాడు మేనేజరు దేవనాథన్. బక్కపలచని మనిషి. మాట్లాడుతుంటే కణతల దగ్గర నరం కొట్టుకుంటోంది. "చెంగల్రాయుడు వింటే గదా! పోత ఇనుము చాలన్నాడు. ఆ మొండితనమే ఆయన్ను మింగింది."

"పోయినోణ్ని ఏంటికి తిట్టేది దేవనాథా?"

గుమ్మంలోంచి వచ్చిన ఆ గొంతు ఫ్యాక్టరీ యజమాని మునిరామయ్యది. భారీ మనిషి, నుదుట నామం, నోట్లో తాంబూలం. చిత్తూరులో వాళ్ల నాయన కాలం నుంచి పంపుల వ్యాపారం. ఆ దుకాణం నడుపుతూనే ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. "ఆ ఆనందమ్మ మొగం నేను సూడలేక పోతాండా. పరంధామయ్యా, నువ్వు ఆయమ్మ తరఫున వచ్చినావని నాకు తెలుసు. ఏం కావాల్నో అడుగు. ఈడ నీకు అడ్డం వచ్చేవాళ్లు లేరు."

ఆ మాటతో పరంధామయ్యకు గుండె కాస్త కుదుటపడింది. ఆనందమ్మ చెంగల్రాయుడి భార్య. తన ఇంటికొచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. "ఇనుము తెలీనోడని అంటాండారు సామీ. ఆయప్పకు తెలిసింది అదొక్కటే," అంది. అంతే.

అతను గోనెపట్ట మీద పెట్టిన పగిలిన పంపు ముక్క ముందు కూర్చున్నాడు. పైన ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. తిప్పి చూస్తే లోపలంతా గుల్ల. అడుగున బొటనవేలు మందం ఉన్న ఇనుము, పగిలిన చోట కోడిగుడ్డు పెంకంత పలచబడింది. చాకుతో గీరాడు. ఇనుములా గట్టిగా తగల్లేదు. పెన్సిలు ముల్లులా నల్లగా, మెత్తగా రాలింది.

జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో రెండు మేకులు.

"మహిళా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆవిడ దగ్గర నిన్న రెండు గ్లాసుల్లో ఇవి వేయించాను. ఈ మేకు చిక్కటి యాసిడ్‌లో రాత్రంతా ఉంది. చూడండి."

సౌందరరాజన్ ఒంగి చూశాడు. మేకు మసకబారింది, అంతే. తల కూడా చెక్కు చెదరలేదు.

"ఇది రెండోది. అదే యాసిడ్, నీళ్లు కలిపి పలచన చేసింది."

రెండో మేకు సూదిలా సన్నగిల్లింది.

"చిక్కటి యాసిడ్ తగిలితే ఇనుము మీద ఒక పొర కడుతుంది. ఆ పొరే దానికి కవచం. నీళ్లు కలిశాయో, ఆ కవచం ఊడిపోతుంది. యాసిడ్ పలచబడితే బలం తగ్గుతుందని మనం అనుకుంటాం. ఇనుము విషయంలో అప్పుడే కోరలొస్తాయి దానికి."

"గ్లాసుల్లో గారడీ!" సౌందరరాజన్ నవ్వాడు. "పంపు గ్లాసు కాదప్పా."

"సరే. బయటున్న ఆ ట్యాంకు దేంతో చేసింది?"

సౌందరరాజన్ దేవనాథన్ వైపు చూశాడు. "ఇనుప రేకులే," అన్నాడు దేవనాథన్ నెమ్మదిగా.

"నాలుగేళ్లుగా ఇదే యాసిడ్‌ను కడుపులో పెట్టుకుని నిలబడింది. దాన్నెందుకు తినలేదు?"

 మునిరామయ్య నములుతున్న తాంబూలం ఆగింది.

"చెంగల్రాయుడు ఎంచుకున్న ఇనుము సరైనదే. ఫ్యాక్టరీ మూసిన రోజు ఈ పంపులో ఎవరో నీళ్లు నింపి రెండు వైపులా వాల్వులు బిగించారు. లోపల మిగిలున్న యాసిడ్ ఆ నీళ్లలో పలచబడి పది రోజులు తీరిగ్గా ఇనుమును తిన్నది. ఆయన స్టార్ట్ చేసేటప్పుడు చెవి పెట్టి వింటాడని ఆ మనిషికి తెలుసు. ఇది హత్య. సాక్ష్యం కావాలంటే ఆ ట్యాంకే సాక్ష్యం."

"నా రిపోర్టు అయిపోయింది," సౌందరరాజన్ మొహం ఎర్రబడింది. "మీరు డిటెక్టివ్ పుస్తకాలు రాసుకోండి. రేపు మధ్యాహ్నం ట్యాంకు పైన కొత్త గొట్టం వెల్డింగు చేసుకోవచ్చని నేను అనుమతి ఇచ్చేశాను."

పంపుహౌస్ దాటి వస్తుంటే పరంధామయ్యకు నాలుక కొరుక్కోవాలనిపించింది. ట్యాంకే సాక్ష్యమని ముగ్గురి ముందు అనేశాడు. వాళ్లలో ఒకడు వినకూడని మనిషైతే?

చంపడానికి కారణం మాత్రం అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీ నుంచి వాగులోకి వదిలిన యాసిడ్ నీళ్లు తాగి పల్లెల్లో పశువులు చచ్చాయి. ఫ్యాక్టరీ మూసిన రోజునే చెంగల్రాయుడు చిత్తూరు వెళ్లి అధికారుల ముందు నోరు విప్పాడు. ఎవరు వదలమన్నారో వచ్చే వాయిదాకు చెబుతానని వచ్చాడు. వాగు తూము తాళం ఉండేది దేవనాథన్ దగ్గర. తనకు తెలియకుండా జరిగిందని మునిరామయ్య అప్పుడే చేతులు జోడించి చెప్పుకున్నాడు.

* * *

మరునాడు పొద్దునకు పంపు నడిపే కుప్పయ్య పనిలోకి రాలేదని తెలిసింది. ఇల్లు తాను చూపిస్తానని మునిరామయ్యే అంబాసిడర్ కారులో బయల్దేరాడు. పరంధామయ్య తన లాంబ్రెట్టా స్కూటర్ మీద వెనకాల వెళ్లాడు.

అలిపిరి దగ్గర ఒక ఇరుకు సందులో ఒంటి గది ఇల్లు. కొండ మెట్లెక్కబోయే యాత్రికుల గోవిందనామాలు గోడ అవతల వినబడుతూనే ఉన్నాయి. కుప్పయ్య మూలన గొంగళి కప్పుకుని కూర్చున్నాడు. ఎండాకాలం. అయినా వణుకుతున్నాడు.

"జొరమా?" అడిగాడు పరంధామయ్య.

"లేదు సామీ."

"పంపులో నీళ్లు పట్టింది ఎవురు?"

కుప్పయ్య గొంగళి ఇంకా దగ్గరకు లాక్కున్నాడు. "నేనే సామీ. సెంగల్రాయుడు సారే పట్టమన్నాడు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"పంపు ఆపేటప్పుడు. సందకాడ. నా పక్కనే నిలబడుకోని సెప్పినాడు."

"ఆ దినం పొద్దున్నే ఆయన చిత్తూరు బస్సెక్కినాడు. ఆనందమ్మే ఎక్కించింది. సందకాడ నీ పక్కన ఎట్ల నిలబడినాడు కుప్పయ్యా?"

గోవిందనామాలు ఒక్కసారి పెద్దగా వినబడి దూరమయ్యాయి. కుప్పయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"అట్ల సెప్పమన్నారు సామీ. నీళ్లు పడితే పంపు శుబ్రంగా ఉంటాదని అన్నారు. సారును సంపేదానికని నాకేం తెలుసు? నా సేతుల్తోనే... ఆయప్ప నాకు రోజూ టీ పోయించేటోడు సామీ!"

"ఎవురు చెప్పమన్నారు?"

"పేరు సెప్తే నా బిడ్డల్ని బతకనియ్యరు."

అతని చూపు పరంధామయ్య భుజం మీదుగా వాకిలి వైపు పోయి, కాలినట్టు వెనక్కి వచ్చింది. పరంధామయ్య తిరిగి చూశాడు. వాకిట్లో కారుకు ఆనుకుని మునిరామయ్య తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. సందు మలుపులో ఎవరో ఇద్దరు నిలబడి బీడీలు కాలుస్తున్నారు. మేనేజరు మనుషులేమోననుకున్నాడు పరంధామయ్య.

"నేనుండాను. భయపడాకు. సెప్పు."

కుప్పయ్య ముందుకు ఒంగాడు. గుసగుసగా అన్నాడు. "నిన్న సందకాడ మళ్లీ పిలిపించినారు. ట్యాంకు పైమూత తీసి నీళ్ల గొట్టం పెట్టమన్నారు. సన్నంగా వదలమన్నారు, సీకటి పడేదాకా. లోపల బుస్సు బుస్సుమని... పాము మాదిరి సామీ. మూత యేసేసి ఒగటే పరుగు పెట్టి వచ్చేసినా."

పరంధామయ్యకు నిన్న పంపుహౌస్‌లో అన్నది గుర్తొచ్చింది. తన నోటి మాటే. ట్యాంకు నాలుగేళ్లుగా నిలబడిందని తానే చెప్పాడు. ఆ సాక్ష్యాన్ని ఇప్పుడు అదే నీళ్లతో తినిపిస్తున్నారు.

"ఎవురు? దేవనాథనా?"

కుప్పయ్య నోరు తెరిచాడు. గదిలో వెలుతురు తగ్గింది. వాకిలికి అడ్డంగా మునిరామయ్య నిలబడి ఉన్నాడు.

"ఏం కుప్పయ్యా, భయపడద్దబ్బా. అడిగిన దానికి సెప్పు. దేవనాథనేనా?"

కుప్పయ్య చూపు నేలకు దించుకున్నాడు. అవునన్నట్టు తల ఊపాడు.

"నాకు అనుమానంగానే ఉండె," మునిరామయ్య నిట్టూర్చాడు. పరంధామయ్య చెప్పిన ట్యాంకు సంగతి విని చేతి గడియారం చూసుకున్నాడు. "మజ్జాన్నం వెల్డింగు పెట్టుకున్నారే ఆడ! నువ్వు బిరీన పో పరంధామయ్యా, ఇప్పుడు పోతే అందుకుంటావు. పోలీసోళ్లకు నేను ఫోను సేస్తా. వీణ్ని ఈడ వదిలిపెట్టేది మంచిది కాదు, మా ఇంటికి పిల్చకపోతా."

"నేను రాను సామీ. నేను ఈడనే ఉంటా." కుప్పయ్య పరంధామయ్య చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "మీతో వస్తా. మీ స్కూటర్ మీద ఎనకాల కూర్చుంటా సామీ."

"నేను పోయేది నీకు ముప్పున్న చోటికే అబ్బా. ఆయన ఇంట్లో నిన్ను ముట్టేవాళ్లు లేరు."

ఆ వేళ్లు విడిపించడానికి కొంచెం బలం వాడాల్సి వచ్చింది. పరంధామయ్యే అతణ్ని నడిపించుకుపోయి కారు వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాడు. కుప్పయ్య అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. ఏడవడం కూడా మానేశాడు.

* * *

రేణిగుంట రోడ్డు మీద స్కూటర్ ఎంత తిప్పితే అంత పోయింది. ఇనుమును పలచటి యాసిడ్ తినేటప్పుడు బుడగలు వస్తాయి. కాలేజీలో ఆవిడ రెండో గ్లాసు మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టి చూపింది. టప్‌మని చిన్న పేలుడు. "హైడ్రోజన్ అండీ," అని నవ్వింది ఆవిడ. గ్లాసులో ఒక్క మేకు. ఇప్పుడు ఇల్లంత ట్యాంకు. నిన్న సాయంత్రం నుంచి మూత వేసి ఉంది. దాని నెత్తి మీద గ్యాసు మంటతో బెజ్జం వేయబోతున్నారు.

గేటు దగ్గర గురప్ప ఏదో అడుగుతుంటే ఆగలేదు. స్కూటర్‌ను అలాగే పడేసి పరుగెత్తాడు. జనరేటరు మోతలో తన కేక తనకే వినబడలేదు. ట్యాంకు నెత్తిన వెల్డరు చిన్నబ్బ కళ్లద్దాలు దించుకుంటున్నాడు. అతని చేతిలో నీలం మంట అప్పుడే సన్నగా పదునెక్కుతోంది. పక్కన కమ్మీ పట్టుకుని ఇంకో మనిషి నిలబడి, బెజ్జం ఎక్కడ వేయాలో వేలితో చూపిస్తున్నాడు. కింద నీడలో సౌందరరాజన్ సోడా తాగుతున్నాడు.

నిచ్చెన ఎక్కే వ్యవధి లేదు. పరంధామయ్య కళ్లు ట్యాంకు మీద నుంచి వేలాడుతున్న రబ్బరు గొట్టాల వెంట కిందకు పరుగెత్తాయి. గొట్టాల కొసన గ్యాసు సిలిండర్లు. వాటి మీద పడి ముందు ఒక వాల్వు, తర్వాత రెండోది, మణికట్టు విరిగేలా బిగించాడు.

పైన మంట పసుపు రంగుకు తిరిగింది. తోకలా ఊగింది. చిన్నగా ఉమ్మినట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు పరంధామయ్య కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, రాబోయే దానికోసం నిలబడ్డాడు.

ఏమీ రాలేదు. మంట ఆరిపోయింది.

"ఏమప్పా, పిచ్చి పట్టిందా నీకు?" సౌందరరాజన్ సోడా సీసాతోనే పరుగెత్తుకొచ్చాడు. "నా అనుమతితో జరిగే పని ఇది! దీన్ని ఆపడానికి నువ్వెవరు?"

 పరంధామయ్య అతని చెయ్యి పట్టి లాక్కుపోయి ట్యాంకు గోడకు కింద ఆనించాడు. "ఎట్లా ఉంది?"

"చల్లగా ఉంది. అయితే?"

ఆ చేతినే తలకంటే ఎత్తుకు జరిపాడు. సౌందరరాజన్ కెవ్వుమని వెనక్కి లాక్కున్నాడు. అక్కడ, యాసిడ్ మట్టం ఉన్న ఎత్తున, ట్యాంకు చుట్టూ ఒడ్డాణంలా రంగు పొంగి పొక్కులు లేచింది. ఇద్దరూ చెవి పెట్టి విన్నారు. లోపల బుస్సు బుస్సుమంటోంది. ఆగడం లేదు.

"నిన్న సాయంత్రం దీంట్లో నీళ్లు పట్టినారు. పైన తేలిన ఆ నీళ్లలో యాసిడ్ పలచబడి ఇనుమును తింటా ఉంది. నెత్తినంతా హైడ్రోజన్. ఒక్క నిప్పురవ్వ చాలు. మనం నలుగురం గోడ మీద మరకలయ్యేవాళ్లం."

సోడా సీసా సౌందరరాజన్ చేతిలోంచి జారి పగిలింది. తెల్ల బూట్లు తడిశాయి. అతను చూసుకోలేదు.

చిన్నబ్బ నిచ్చెన దిగి గేటు వైపు పరుగెత్తాడు. అతని వెనకే రెండో మనిషి దిగాడు. జరిగింది విని ఆ మనిషి నేల మీద చతికిలబడ్డాడు. 

"నీళ్లా? దీంట్లోనా?" ఆ మనిషి దేవనాథన్. "పొద్దున్నుంచి దాని నెత్తినే నిలబడి ఉన్నాను సార్ నేను. కమ్మీ వేడిగా ఉంటే ఎండకేమో అనుకున్నా."

పరంధామయ్య లెక్క తప్పింది. ట్యాంకులో నీళ్లు పట్టించినవాడు దాని నెత్తినెక్కి మంట వెలిగించే చోటు చూపిస్తాడా?

కుప్పయ్య తల ఊపాడు. కానీ ఎవరి కళ్ల ముందు ఊపాడు?

"వెల్డింగు ఈ పూటే కావాలని అన్నది ఎవరు దేవనాథన్? నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"పెద్దాయనే సార్, మునిరామయ్య గారు. నిన్న కూడా ఆయనే నన్ను తడ ఊరికి పంపించాడు, లారీ సరుకు చూసుకు రమ్మని. ఈ తెల్లవారే వచ్చా."

గేటు పక్క గదిలో టెలిఫోను మోగింది.

గురప్ప గేటు బయటే చిన్నబ్బను పట్టుకుని నిలబడ్డాడు. పరంధామయ్యే వెళ్లి రిసీవరు ఎత్తి చెవికి ఆనించాడు. పలకలేదు.

"గురప్పా," అంది అవతలి గొంతు. తాంబూలం నిండిన, తొందరలేని గొంతు. "గురప్పా, ఆడ ఏమన్నా సద్దు అయిందా?"

 నిన్న పంపుహౌస్‌లో తాంబూలం ఆగిన ఆ మొహం పరంధామయ్య కళ్ల ముందు నిలిచింది. తండ్రి కాలం నుంచి పంపులమ్మిన మనిషి. ఏ లోహానికి ఏది పడదో ఈ ఫ్యాక్టరీలో అందరికంటే ముందు తెలిసిన మనిషి. పోలీసులకు ఫోను చేస్తానన్నాడు. గేటు దగ్గర ఒక్క పోలీసూ లేడు.

"మాట్లాడవేంరా? పెద్ద సద్దు... రాలేదా ఇంకా?"

పలకకూడదు. తామంతా పోయారనుకుంటే కుప్పయ్యను ఇప్పుడే చంపాల్సిన తొందర అతనికి ఉండదు. పలకకూడదు. పరంధామయ్య రిసీవరు కింది కొసను అరచేత్తో మూసి పట్టుకున్నాడు.

"ఎవరప్పా ఫోన్‌లో?" గుమ్మంలోంచి సౌందరరాజన్ అరిచాడు. భయంతో అతని గొంతు కీచుమంది. "పోలీసులేనా? అందరం ప్రాణాలతో ఉన్నామని చెప్పు! పరంధామయ్య ఆపేశాడని చెప్పు!"

తీగ అవతల ఉమ్మి ఊసిన చప్పుడు. ఆ వెనకాల ఎక్కడో దగ్గరగా, ఒక మనిషి వెక్కుతున్న చప్పుడు.

"అట్లనా," అన్నాడు మునిరామయ్య మెల్లగా. "అయితే వీడితో పని ఇప్పుడే ముగించుకోవాల."

ఫోను తెగిపోయింది.